గోడౌన్‌లో గూడ్సు బండి!

సినిమాకూ రైలుబండికీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల చిత్రాలను మన దేశంలో మొట్టమొదటిసారి ప్రదర్శించినప్పుడు, ఆ కదిలే బొమ్మల్లో స్టేషన్లోకి వచ్చే రైలు కూడా ఉంది. అంటే మన దేశంలో హీరో కంటే, హీరోయిన్ కంటే, ఆఖరికి విలన్ కంటే కూడా ముందు తెరకెక్కింది రైలేనన్నమాట! 1980 నాటి హిందీ ‘ది బర్నింగ్ ట్రెయిన్’ మొదలు 2013 నాటి మన ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ దాకా ఎన్ని బండ్లు వెండితెర మీద కూతపెట్టాయో లెక్క తేల్చడం కష్టం.

నేను చెప్పబోయే రైలు మాత్రం తెరమీదికి రాదు. దాని ఎత్తు నా బొటనవేలంత. చూడ్డానికి టిక్కెట్టు లేదు. అసలు ప్రేక్షకులే లేరు! వచ్చినవాళ్లందరూ నటులే. డైలాగులు ఎవరూ రాసివ్వరు. కానీ ఒక్క డైలాగు అటూ ఇటూ అయితే చాలు, బండ్లు రెండూ ముక్కూ ముక్కూ గుద్దుకుంటాయి.

మాది నల్లచెరువు. కదిరికీ తనకల్లుకీ నడుమ ఉంటుంది. శెనక్కాయల సీమ. మావైపు పోయే పాకాల–ధర్మవరం లైను 1890 దశకం తొలినాళ్లలో సౌత్ ఇండియన్ రైల్వే వాళ్లు వేసిన మీటర్ గేజి. 2010 ప్రాంతంలో అది బ్రాడ్ గేజి అయింది. మంచిదే, పెద్ద బండ్లు వచ్చాయి. కానీ చిన్నప్పుడు కిటికీ పక్కన కూర్చుని కళ్లలో నలుసులు పడేసుకున్నవాళ్లకు ఆ చిన్న బండి మీద మమకారం పోదు కదా! అలాంటివాళ్లం కొందరం కలిసి, ఖాళీగా పడున్న ఒక శెనక్కాయల గోడౌన్‌లో ఆ లైనును మళ్లీ వేసుకున్నాం. చెక్కబల్లల మీద, బొమ్మ పట్టాలతో.

మావి అసలు సైజులో 87వ వంతు ఉండే బండ్లు. పట్టాల మధ్య దూరం పదహారున్నర మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక కిలోమీటరుకు పదకొండున్నర మీటర్ల పట్టా కావాలి. 225 కిలోమీటర్లకు పైబడిన లైనంతా వెయ్యాలంటే రెండున్నర కిలోమీటర్ల బల్లలు కావాలి! మా గోడౌన్ కాదు గదా, మా ఊరు చాలదు. అందుకని సినిమా ఎడిటర్లాగా కత్తెర పట్టుకుని అయిదు స్టేషన్లు ఉంచుకున్నాం. ధర్మవరం, ముదిగుబ్బ, కదిరి, నల్లచెరువు, తనకల్లు. మధ్య ఊళ్లన్నీ కట్!

స్క్రీన్‌ప్లే: టైంటేబుల్

బొమ్మ రైలు గుండ్రంగా తిరుగుతుంటే ఎంతసేపు చూస్తాం? పది నిమిషాలు. ఆ తర్వాత ఆవలింతలు. ఈ సంగతి కనిపెట్టి విరుగుడు చెప్పినవాళ్లలో ముఖ్యుడు అమెరికాలోని న్యూఆర్లియన్స్‌కు చెందిన ఫ్రాంక్ ఎల్లిసన్. నాటకరంగంతో పరిచయం ఉన్న మనిషి. 1940 దశకంలో ఒక రైలు బొమ్మల పత్రికలో రాస్తూ, ఈ సరదాను నాటకంతోనే పోల్చాడు. బల్లమీద కొండలూ ఇళ్లూ రంగాలంకరణ, రైళ్లు పాత్రధారులు, టైంటేబుల్ కథ! కథ లేకుండా పాత్రలు స్టేజీ మీద ఊరికే పచార్లు చేస్తే ఎవరు చూస్తారు?

అదే దేశంలో జాన్ అలెన్ అని ఇంకో ఘనుడు. వృత్తిరీత్యా ఫోటోగ్రాఫరు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి అడుగు గదిలో మహా పర్వతాల నడుమ రైల్వే కట్టాడు. దానికి ‘నెత్తురోడి, ఓడిపోయిన’ అన్న అర్థం ధ్వనించేలా తమాషా పేరు పెట్టుకున్నాడు. పెట్టెలను అటూ ఇటూ లాగడానికి ఒకచోట ఇంజనుకు బదులు డైనోసారును పెట్టాడంటే ఆయన చమత్కారం ఏపాటిదో ఊహించుకోండి! వారం వారం మిత్రులు వచ్చి ఆ రైల్వేను నడిపేవారు. 1973 జనవరిలో ఆయన పోయారు. పది రోజులకే ఇంట్లో నిప్పు రేగి ఆ రైల్వే చాలావరకు కాలిపోయింది. సినిమా కథలో రాస్తే ‘మరీ మెలోడ్రామా’ అంటారు. జరిగింది మాత్రం అదే.

మన దేశంలోనూ ఈ సరదా లేకపోలేదు. పుణేలో 1998 నుంచి జోషీగారి చిన్న రైళ్ల మ్యూజియం జనాన్ని ఆకట్టుకుంటోంది. ఇక సరదా కోసం కాకుండా ఉద్యోగం కోసం బొమ్మ రైళ్లు నడిపేవాళ్లు ఉన్నారని మీకు తెలుసా? స్టేషన్ మాస్టర్లకు శిక్షణ ఇచ్చే రైల్వే సంస్థల్లో మోడల్ రూము అని ఉంటుంది. భుసావల్‌లో ఉన్నది బాగా పేరు పొందింది. అక్కడ బల్లమీద స్టేషన్లు, సిగ్నళ్లు, బండ్లు ఉంటాయి. ఒక్కో స్టేషన్‌కు ఒక్కో శిక్షణార్థి. అక్కడ తప్పు చేస్తే బండి పడిపోతుంది, అంతే. మనిషి పోడు.

గడియారమే డైరెక్టరు

మా ఆట నెలకు రెండు ఆదివారాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలు. గోడకు తగిలించిన పాత ఫోన్లో గడియారం నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. మనకు పావుగంట అయితే దానికి గంట. మూడు గంటలు ఆడితే పన్నెండు గంటల రైల్వే డ్యూటీ చేసినట్టు. అయిదుగురు స్టేషన్ మాస్టర్లు, నలుగురు డ్రైవర్లు, పైన నేను ఒక్కణ్ని కంట్రోలర్. నాకు బండ్లు కనపడకూడదని మధ్యలో దుప్పటి కట్టారు. ఫోన్లో విన్నది చార్టు మీద గీతలుగా గీసుకోవడమే నా పని. బండి నిజంగా ఎక్కడుందో నాకు తెలియదు. ఎక్కడుందని చెప్పారో అదే తెలుసు!

ప్రతి పెట్టెకూ ఒక కార్డు. కదిరిలో శెనక్కాయలు ఎక్కాలి, ధర్మవరంలో దిగాలి. ధర్మవరంలో చీరల పార్శిల్ ఎక్కాలి, తనకల్లులో దిగాలి. ఎరువుల పెట్టె పొరపాటున ముదిగుబ్బలో వదిలేశారో, దానికోసం ఇంకో బండి తిప్పాల్సిందే. ఉన్నది ఒకటే లైను. ఎదురుబండి వస్తే ఒకటి స్టేషన్లో పక్కకు తప్పుకోవాలి. ఎవరు ఆగాలి, ఎవరు పోవాలి? కథలో టెన్షనంతా అక్కడే.

మా బృందం చూస్తే మీకు నవ్వొస్తుంది. నల్లచెరువు స్టేషన్‌కు మా ఊరి టైలరన్న. కదిరికి డిగ్రీ పూర్తిచేసి రైల్వే పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడు. ముదిగుబ్బకు ఒక ఎలక్ట్రీషియన్. వీళ్లందరికీ పెద్దదిక్కు ఎక్కడో దూరాన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరై సొంతూరు చేరుకున్న ఒక పెద్దాయన. అందరం ‘మాస్టర్ సార్’ అంటాం. తనకల్లు ఆయనది.

ఆ ఆదివారం...

గోడ గడియారంలో సాయంత్రం ఆరు నలభై. కదిరిలో ప్యాసింజరు సిద్ధంగా ఉంది, ఇటు రావాలి. నల్లచెరువులో గూడ్సు సిద్ధంగా ఉంది, అటు పోవాలి. మధ్యలో ఒకటే లైను. ఫోన్లో మాట్లాడుకున్నారు. రెండు నిమిషాలు తిరక్కుండానే ‘టక్’మని చప్పుడు. గూడ్సు ఇంజను బల్ల అంచు దాటి గచ్చుమీద పడింది.

అందరూ పగలబడి నవ్వారు. ఒక కుర్రాడు చప్పట్లు కొట్టి, “సూపర్ సీనుప్పా! క్లైమాక్స్ ఇదే పెట్టు!” అన్నాడు.

మాస్టర్ సార్ నవ్వలేదు. లేచి వెళ్లి గడియారం ఆపేశారు.

“పెనుకొండ మనకెంత దూరమప్పా?” అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. 2012 మే 22న తెల్లవారకముందే పెనుకొండ స్టేషన్లో ఆగివున్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ వెనకనుంచి గుద్దింది. పాతికమంది దాకా పోయారు. సార్‌కు ఆ స్టేషన్‌తో సంబంధం లేదు, ఆ డివిజన్లో ఆయన ఎన్నడూ పనిచెయ్యలేదు. కానీ ఆ వార్త విని, అదే పూట తన డ్యూటీకి తాను వెళ్లి కుర్చీలో కూర్చున్న మనిషి.

“సార్, మీరు చెప్పేది నిజమే. అయితే ఇది ఆట గదా! ఆదివారం పూట కూడా తిట్లు తినేదానికి మేం రావల్లనా?” అని కదిరి కుర్రాడు ముఖం ముడుచుకున్నాడు. “నేను చెప్పింది చెప్పినట్టే చేసినా. వాడే ముందు వదిలె” అని టైలరన్న. “లేదన్నా, నువ్వే వదలమంటివి” అని వీడు. మాటా మాటా పెరిగింది. సార్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆయన వెనకే మిగతావాళ్లూ.

నేను దుప్పటి ఇవతల చార్టు ముందు కూర్చుండిపోయాను. ఎవరిది న్యాయం? సార్‌ది న్యాయమే, బండి పడితే నవ్వడం ఆయనకు చేతకాదు. కుర్రాళ్లదీ న్యాయమే, నవ్వడానికి వీల్లేని ఆట ఆటెట్లా అవుతుంది? ఇద్దరిలో ఎవరు రావడం మానేసినా ఆ గోడౌన్‌కు తాళమే. సార్ లేకపోతే అది గుండ్రంగా తిరిగే బొమ్మ. కుర్రాళ్లు లేకపోతే అది కదలని బొమ్మ.

వారం మధ్యలో ఆ ఇద్దరినీ విడివిడిగా కలిశాను. క్షమాపణలు చెప్పమని అడగలేదు. “నువ్వేమన్నావో, అవతలివాడు ఏమన్నాడని విన్నావో, ఆ మాటలే ఒక కాగితం మీద రాసివ్వు” అన్నానంతే. రాశారు. తర్వాతి ఆట రోజు సార్‌ని బతిమాలి పిలుచుకొచ్చి, అందరి ముందూ ఆ రెండు కాగితాలూ చదివాను.

రెండింట్లోనూ అవే మాటలు!

“బండి వదిలేదా?” అని కదిరి అడిగింది. “ఆఁ, వదిలేదే” అని నల్లచెరువు జవాబిచ్చింది.

అర్థమైందా? కదిరివాడి ఉద్దేశం: ‘నా ప్యాసింజరును నేను వదలనా?’ అని. టైలరన్న విన్నది: ‘నీ గూడ్సును నువ్వు వదులుతున్నావా?’ అని. ఎవరు వదిలేది, ఏ బండి వదిలేది, ఇద్దరూ చెప్పుకోలేదు. మన భాషలో చెప్పాల్సిన పనీ లేదు. ఇంట్లో, అంగట్లో మనం రోజూ మాట్లాడేది ఇట్లాగే కదా! ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. అయినా బండి పడింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ముందు నవ్వింది ఎవరనుకున్నారు? మాస్టర్ సారే! “ఇందుకే నాయనా, రైల్వేలో తెలుగూ లేదు, ఇంగ్లీషూ లేదు. రైల్వే భాష ఒకటుంది. అది ఒక్కటే మాట్లాడల్ల” అన్నారు. ఆ పూట బండ్లు నడవలేదు. సార్ పాఠం చెప్పారు. బండి నంబరు చెప్పాలి. ఎక్కణ్నుంచి ఎక్కడికో చెప్పాలి. అవతలివాడు అదే మళ్లీ చెప్పాలి. చివర తన కాగితంలో ఉన్న ప్రైవేట్ నంబరు ఒకటి ఇవ్వాలి. అది రెండు రిజిస్టర్లలోనూ ఎక్కాలి. నంబరు అందనిదే లైన్ క్లియర్ లేదు.

ఇంకో మాట కూడా చెప్పారు. మాట మీద మాత్రమే నమ్మకం పెట్టుకోకూడదట. ఒంటి లైన్ల మీద అందుకే ఇనుప బంతుల మిషన్లు పెట్టారు. రెండు స్టేషన్లలోనూ మిషన్లుంటాయి, రెంటికీ కరెంటు తీగతో ముడి. అవతలి మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతల బంతి బయటికొస్తుంది. ఒకటి బయట ఉన్నంతసేపూ రెండోది ఏ వైపునుంచీ రాదు. చేతిలో బంతి లేని డ్రైవరు కదలడు. మనిషి మాట తడబడినా మిషను తడబడదు. మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు పదిహేను రోజుల్లో డబ్బాలు, గోళీలు, రిలేలు తెచ్చి అలాంటిదే తయారుచేశాడు. మొదటిసారి గోళీ ‘టింగ్’మని జారినప్పుడు సార్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

ఇప్పుడు బండి పడితే మాకొక పద్ధతుంది. గడియారం ఆగుతుంది. సంబంధించిన ఇద్దరూ తమ రిజిస్టరు పైకి చదువుతారు. మాట ఎక్కడ తప్పిందో వెతుకుతాం, మనిషిని వెతకం. దొరికాక ఇంజనెత్తి పట్టాలమీద పెట్టి గడియారం వదులుతాం. ఆ తర్వాత ఎంత నవ్వుకున్నా సార్‌కు అభ్యంతరం లేదు. ఒకోసారి ఆయన నవ్వే అందరికంటే పెద్దది!

కదిరి కుర్రాడు స్టేషన్ మాస్టరు ఉద్యోగం పరీక్షకు కూర్చుంటున్నాడు. వస్తుందో రాదో ఏడుకొండలవాడికి ఎరుక. వాడింట్లో మాత్రం ఓ చిక్కొచ్చి పడిందట. “బియ్యం తెచ్చేదా?” అని తండ్రి అడిగితే, “ఎవరు తెచ్చేది, ఎన్ని కిలోలు, ఏ అంగటి నుంచి?” అని అడిగి రాసుకుంటున్నాడట!

టైలరన్న భార్య మొన్న నాకు బజార్లో ఎదురుపడి నిలదీసింది. “ఏందన్నా మీరు నేర్పించేది? ఆయప్ప ఫోన్ చేస్తే ‘వస్తాండా’ అనే మాటే మర్చిపోయినాడు. ‘ఏడు గంటల పది నిమిషాలకు నేను అంగడి నుంచి ఇంటికి బయల్దేరుతాను, నంబరు నలభై ఏడు’ అంటాడు. తీరా వచ్చేది ఎనిమిదిన్నరకు!”

నేనేం చెప్పను? “లైన్ క్లియరే వదినా... బండే లేటు!” అన్నాను.