ట్రెంట్ ఒడ్డున సీసపు సేనలు

నాటింగ్‌హామ్ స్టేషన్‌లో దిగి కాలువ గట్టు వెంట పడమటికి నడిస్తే లెంటన్ వస్తుంది. గోదాములు, కార్ల షెడ్లు, చిన్న చిన్న ఆఫీసులు ఉండే పేట. అక్కడ విల్లో రోడ్డులో ఒక భవనం ముందు భారీ కవచం తొడుక్కున్న స్పేస్ మెరీన్ విగ్రహం నిలబడి ఉంటుంది. అదే వార్‌హ్యామర్ వరల్డ్. గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ తన ప్రధాన కార్యాలయం పక్కనే నడిపే ప్రదర్శనశాల. బల్ల మీద ఆడే ఊహాలోకపు యుద్ధాల బొమ్మలు సేకరించే నాలాంటివాళ్ళకి ఇంతకు మించిన క్షేత్రం లేదు.

ఈసారి మా అక్క కొడుకు కూడా వచ్చాడు. ఆ ఊళ్ళోనే మాస్టర్స్ చదువుతున్నాడు. ఈ లోకం వాడికి వీడియో గేముల్లో పరిచయమే కానీ బొమ్మను ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. లోపల హాల్లో బల్లల చుట్టూ జనం ఆడుతున్నారు. అంగుళాల టేపుతో కొలిచి సేనల్ని జరుపుతున్నారు, గుప్పెడు పాచికలు వేసి ఎన్ని దెబ్బలు తగిలాయో లెక్కపెడుతున్నారు. వాడు కాసేపు చూసి, "అన్నిటికీ వీళ్ళే రంగులేసుకున్నారా మామయ్యా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ తర్వాత వాడు ఆట చూడ్డం మానేసి బొమ్మల్నే చూశాడు.

ప్రదర్శనకి టికెట్ ఉంది. అద్దాల వెనక కోటలు, కూలిన నగరాలు, వేలకొద్దీ బొమ్మలతో కట్టిన యుద్ధభూములు. నేను మాత్రం ఎప్పటిలా పాత లోహపు బొమ్మల దగ్గరే ఆగిపోయాను. ఇప్పటివి కంప్యూటర్ మీద గీసి, ఉక్కు అచ్చుల్లో పోసే ప్లాస్టిక్ బొమ్మలు. ప్రతి కవచపు మేకూ చెక్కినట్టుంటుంది. వాటి పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ ఎనభైల నాటి బొమ్మ ముందు నిలబడితే దాన్ని చేసిన మనిషి ఎవరో తెలిసిపోతుంది. పెద్ద ముక్కు, చెవుల దాకా సాగిన వెకిలి నవ్వు ఉన్న గాబ్లిన్ కనబడితే అది కెవ్ ఆడమ్స్ చెయ్యి. నిటారుగా, సన్నగా, వస్త్రం మడతలు కూడా లెక్కగా పడ్డ ఎల్ఫ్ అయితే జెస్ గుడ్విన్ కావచ్చు.

ఆ పని ఎలా జరిగేదో మావాడికి అక్కడే చెప్పాను. పసుపు, నీలం రంగుల్లో రెండు పట్టీలుగా వచ్చే ఎపాక్సీ పుట్టీని చపాతీ పిండిలా పిసికితే ఆకుపచ్చగా మారుతుంది. అది గట్టిపడేలోగా సన్నటి పనిముట్లతో, మధ్యమధ్య తడి చేసుకుంటూ, తీగ అస్థిపంజరం మీద మనిషిని నిలబెట్టాలి. అంతా కలిపి ముప్పై మిల్లీమీటర్ల లోపు ఎత్తు. అలా తయారైన మూలరూపాన్ని రెండు రబ్బరు బిళ్ళల మధ్య పెట్టి వేడితో, ఒత్తిడితో అచ్చు తీస్తారు. ఆ అచ్చును గిరగిరా తిప్పుతూ నడిమధ్యన కరిగిన లోహం పోస్తే, తిరిగే ఊపుకి అది అంచుల దాకా పరుగెత్తి ప్రతి వేలిలోకీ, ప్రతి కోరలోకీ దిగుతుంది. అప్పట్లో ఆ లోహంలో సీసం ఉండేది. పిల్లలు ముట్టుకునే వస్తువుల్లో సీసం గురించి తొంభైల్లో ఆందోళన పెరిగాక తగరం ఎక్కువగా ఉండే మిశ్రమాలకి మారారు.

పెర్రీ కవలలు, మైకేల్, ఆలన్, చేసిన బొమ్మల ముందు ఎక్కువసేపు నిలబడ్డాం. 1996లో ఫ్రాన్స్‌లోని క్రెసీలో మధ్యయుగపు యుద్ధాన్ని పునరభినయిస్తుండగా ఫిరంగి పేలి మైకేల్ కుడి చెయ్యి పోయింది. ఆయన పని చేసేది ఆ చేత్తోనే. ఎడమ చేత్తో మొదట్నుంచీ నేర్చుకుని మళ్ళీ శిల్పాలు చేశాడు, ఇప్పటికీ చేస్తున్నాడు. ప్రమాదానికి ముందు చేసినవీ తర్వాత చేసినవీ పక్కపక్కన పెడితే ఏది ఏ చేతిదో నేను విడదీయలేను. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే సంగతి ఇదే.

మర్నాడు నూఆర్క్ వెళ్ళే రైలెక్కాం. ట్రెంట్ నది లోయ వెంట అరగంట ప్రయాణం. ఈ చిన్న ప్రాంతంలోనే ఇన్ని బొమ్మల కంపెనీలు ఎందుకున్నాయని మావాడు అడిగాడు. దానికి కారణం చాలావరకు ఒక్క మనిషి. బ్రయన్ ఆన్సెల్ 1976లో నాటింగ్‌హామ్‌లో ఆస్‌గార్డ్ మినియేచర్స్ స్థాపకుల్లో ఒకడు. తర్వాత గేమ్స్ వర్క్‌షాప్‌తో కలిసి నూఆర్క్‌లో సిటాడెల్ అనే బొమ్మల కంపెనీ మొదలుపెట్టాడు. 1983లో రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్‌లీలతో కలిసి వార్‌హ్యామర్ ఆట నియమాలు తెచ్చాడు. లండన్‌లో పుట్టిన మాతృసంస్థే చివరికి ఇక్కడికి తరలివచ్చింది. అక్కడ పని నేర్చినవాళ్ళు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. పెర్రీలు, వార్లార్డ్, మాంటిక్ అన్నీ ఈ చుట్టుపక్కలే. అందుకే ఇక్కడివాళ్ళు ఈ ప్రాంతాన్ని లెడ్ బెల్ట్, అంటే సీసపు పట్టీ, అంటారు. ఆన్సెల్ 2023 డిసెంబరులో పోయాడు. ఆయన కుటుంబం నడిపిన ఫౌండ్రీ అనే బొమ్మల కంపెనీకి చిరునామా నూఆర్క్ దగ్గరి ఈస్ట్ స్టోక్. 1487లో గులాబీల యుద్ధాల చివరి పోరు జరిగింది కూడా ఆ ఊరి పొలాల్లోనే.

ఆ మధ్యాహ్నం నూఆర్క్‌లో మేం చేరింది ఒక క్రీడాప్రాంగణంలో పెట్టిన వార్‌గేమ్స్ సంతకి. నేను ఇంత దూరం వచ్చింది అసలు దీనికోసమే. ఒక మూల పాత సరుకు అమ్మకాల బల్లలున్నాయి. ఎవరి అటక మీదినుంచో దిగిన అట్టపెట్టెల్లో ఓర్కులు, మరుగుజ్జులు, ఎలుక మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. బొమ్మ కాళ్ళ కింద సన్నటి లోహపు పట్టీ ఉంటుంది, అది ప్లాస్టిక్ బేస్‌లోని గాడిలో దిగుతుంది. బేస్ ఊడదీసి పట్టీ చూస్తే పోతలోనే పడ్డ సంవత్సరం, కొన్నిటికి పేరు కూడా కనబడతాయి. దానికన్నా పాతవాటికి బేస్ కూడా లోహంలోనే కలిసి ఉంటుంది. బూడిదరంగు తెల్లపొడి రాలుతుంటే వదిలేయాలి, సీసం కుళ్ళుతున్నట్టు లెక్క. సీసానికి ఓక్ చెక్క పడదు. ఆ చెక్క వదిలే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి లోహాన్ని తినేస్తుంది. మంచి బీరువా అనుకుని ఓక్ అల్మారాలో దాచినవాళ్ళ సేనలు అలా పొడైపోయాయి. నావి ఇనప అరల్లో ఉంటాయి.

నాకు దొరికింది ఒక గాబ్లిన్. ఒళ్ళంతా మందంగా పూసిన మెరిసే ఆకుపచ్చ ఎనామెల్, రెండు కళ్ళూ రెండు దిక్కులు చూస్తున్నాయి. డాలు మీద మాత్రం పసుపురంగు చంద్రుణ్ణి ఎంతో ఓపికగా గీశారు. ఎవరో కుర్రాడో, అమ్మాయో ఎనభైల్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని వేసి ఉండాలి.

అమ్మే పెద్దాయన, "డెట్టాల్‌లో రాత్రంతా నానబెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దు, కొత్తదౌతుంది" అన్నాడు. ఇక్కడి సేకర్తల్లో డెట్టాల్ పాత చిట్కా. యాక్రిలిక్ రంగైతే నిజంగానే వదిలిపోతుంది. ఎక్కువమంది అదే చేస్తారు, శుభ్రమైన లోహానికి ధర కూడా ఎక్కువ.

నేను చెయ్యను. శిల్పి చెయ్యి ఎంత విలువైనదో, ఆ చంద్రుణ్ణి గీసిన చెయ్యీ నాకు అంతే. కెవ్ ఆడమ్స్ చేసిన గాబ్లిన్ అచ్చులోంచి ఎన్నో వచ్చాయి. ఈ చంద్రుడున్నది ఒక్కటే. ప్రదర్శనశాల అద్దాల వెనక ఉన్నది ఆరితేరిన చిత్రకారుల పని, అది చూడాల్సిందే. కానీ ఈ ఆటను నలభై ఏళ్ళు బతికించింది ఈ మందపాటి ఆకుపచ్చ పూసినవాళ్ళు. వాళ్ళ పనికి ఏ అద్దాల పెట్టే లేదు. డెట్టాల్ డబ్బాలో పడి పోతోంది. అందుకే కొన్నేళ్ళుగా రంగుతో ఉన్న పాత బొమ్మల్నే కొంటున్నాను, ఎంత ముతకగా ఉన్నా సరే.

మావాడు పెట్టె అడుగునుంచి ఒక ఓర్కును తీశాడు. కవచం వరకే ఎరుపు పడింది, మిగతాదంతా తెల్లటి ప్రైమర్. ఎవరో మొదలుపెట్టి వదిలేసింది.

"మామయ్యా, మిగిలింది నేను వేయనా? అలాగే ఉంచేయాలా?"

"వెయ్యరా. వాళ్ళు వేసినచోట మాత్రం బ్రష్ పెట్టకు."

డబ్బులిచ్చి జేబులో వేసుకున్నాడు. నాటింగ్‌హామ్ బండి వచ్చేదాకా ప్లాట్‌ఫాం మీద దాన్ని మళ్ళీ మళ్ళీ తీసి చూస్తూ, ఒంటికి ఏ ఆకుపచ్చ వేస్తే ఆ ఎరుపు పక్కన నప్పుతుందో అడుగుతూనే ఉన్నాడు.