మాయమైన కుండలు

పోస్టు కొంచెం పెద్దదే. గేమ్ లెవెల్స్ నేర్చుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని రాస్తున్నాం.

మేం ముగ్గురం ఒకే హాస్టల్ రూమ్. మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. ప్రాజెక్టు కోసం హామర్ ఎడిటర్‌లో మా వారపు సంత కట్టాం. 2004లో హాఫ్-లైఫ్ 2 వచ్చిన సోర్స్ ఇంజిన్‌కి లెవెల్స్ కట్టేది దీంట్లోనే. కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు, వెదురు బుట్టలు, కుండలు అన్నీ బ్లెండర్‌లో మేమే చేసుకున్నాం.

అన్నీ కదిలితేనే నిజం సంతలా ఉంటదని ప్రతిదానికీ ప్రాప్_ఫిజిక్స్ పెట్టేశాం. రివ్యూ ముందురోజు రాత్రి రన్ చేస్తే సంత ఖాళీ! ఎడిటర్‌లో కనబడిన కుండ గేమ్‌లో ఒక్కటీ లేదు. మాలో ఒకడు "ఇది మనవల్ల కాదురా, కానిస్టేబుల్ కోచింగ్‌కి పోతా" అని బ్యాగు సర్దడం మొదలెట్టాడు.

సీనియర్ అక్కకి ఫోన్ చేశాం. "కన్సోల్ చదివారా?" అంది. చదవలేదు. ఎర్ర అక్షరాలు, అదీ ఇంగ్లీషు. ఏదో తిడుతోందనుకుని వదిలేశాం. చదివితే విషయం అందులోనే ఉంది: ఈ మోడల్‌కి ప్రాప్‌డేటా లేదు, స్టాటిక్‌గానే వాడాలి, అందుకే తీసేశాం అని.

"కుండ బాగానే ఉందిరా, మీరు పెట్టిన రకమే తప్పు" అంది అక్క.

ఆ రాత్రి నేర్చుకున్నది ఇదీ:

కదలనిదంతా ప్రాప్_స్టాటిక్. దాని మీది వెలుగు మ్యాప్ కంపైల్ అయ్యేటప్పుడే లెక్కవుతుంది, సిస్టమ్‌కి బరువు తక్కువ. మ్యాప్‌లో 2048 ఎంటిటీల పరిమితిలోకీ రాదు.

యానిమేషన్ ఉన్నది, తలుపులా మనం చెప్పినట్టు కదిలేది ప్రాప్_డైనమిక్.

తోస్తే దొర్లాల్సింది, పడాల్సింది మాత్రమే ప్రాప్_ఫిజిక్స్. దానికి మోడల్‌లో ప్రాప్‌డేటా, కొలిజన్ రెండూ ఉండాలి.

ఏ మోడల్ ఏ రకానికి పనికొస్తుందో మోడల్ బ్రౌజర్‌లో ఇన్ఫో ట్యాబ్ చెప్తుంది. ముందే చూసుకోండి.

చీపుర్లు, ఆకుల కట్టలు, బుట్టలు అన్నీ స్టాటిక్ చేశాం. దారి పక్కన నాలుగు కుండలు మాత్రం ఫిజిక్స్. వాటికి ప్రాప్‌డేటా రాసి మళ్లీ కంపైల్ చేసింది బ్యాగు సర్దుకున్నోడే.

రివ్యూలో సార్ ఒక కుండని తోశారు. దొర్లింది. "ఇది ఏ ఊరి సంత?" అనడిగారు. ముగ్గురం ఒకేసారి చెప్పాం.

మోడల్ కనబడకపోతే ముందు కన్సోల్ చదవండి. బ్యాగు తర్వాత సర్దుకోవచ్చు.