ఎడమ పెడల్ అంటే సౌండ్ తగ్గించేది మాత్రమే కాదు



మన గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్పులు, సీట్లు, నోటిఫికేషన్ల గురించే రాసుకుంటాం. ఈసారి పియానో గురించి రాస్తున్నాం. మన పిల్లలకు పియానో ఏంటి అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మా హాస్టల్ నుంచి ముగ్గురం కాలేజీ హాల్లో ఉన్న పాత పియానో మీద ఏడాదిగా నేర్చుకుంటున్నాం. కుడి పెడల్ తొందరగానే అర్థమవుతుంది. అది నొక్కితే వేలు తీసినా స్వరం మోగుతూనే ఉంటుంది. తికమకంతా ఎడమ పెడల్ దగ్గరే. సాఫ్ట్ పెడల్ అంటారు కాబట్టి సౌండ్ తగ్గించే బటన్ లాంటిదనుకుంటారు చాలామంది. దాని అసలు పని గొంతు మార్చడం.

తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద గ్రాండ్ పియానోలో చూస్తే ఇది బాగా తెలుస్తుంది. అందులో చాలా స్వరాలకు ఒక్కోదానికి మూడేసి తీగలుంటాయి. ఫెల్ట్ చుట్టిన సుత్తి ఆ మూడింటినీ ఒకేసారి కొడుతుంది. ఎడమ పెడల్ నొక్కితే మెట్ల వరుస, సుత్తులు అన్నీ కలిసి కాస్త కుడికి జరుగుతాయి. అప్పుడు దెబ్బ రెండు తీగలకే తగులుతుంది. దెబ్బ తగలని మూడోది పక్కవాటితో పాటు తనంతట తానే కదులుతుంది. ఇంకో సంగతి, సుత్తి మీద రోజూ తీగ తగిలే చోటు గాడి పడి గట్టిపడుతుంది. పక్కకి జరిగాక మెత్తటి ఫెల్ట్ తగులుతుంది. అందుకే స్వరంలో మెరుపు తగ్గి, దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

దీన్ని ఇటాలియన్‌లో ఊనా కోర్డా, అంటే ఒక తీగ, అంటారు. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో పియానో తయారుచేసిన క్రిస్టోఫోరి వాద్యాల్లో స్వరానికి రెండే తీగలు, జరిపితే ఒక్కటే మోగేది. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

మా దగ్గరున్నది గోడకు ఆనించే నిలువు పియానో. ఇందులో మెట్లు జరగవు. సుత్తులు తీగలకు దగ్గరగా వస్తాయంతే. దెబ్బ దూరం తగ్గి సౌండ్ తగ్గుతుంది, గొంతు పెద్దగా మారదు. అందుకే మా సార్ "ముందు వేళ్లతో మెల్లగా వాయించడం రావాలయ్యా, పెడల్ తర్వాత" అంటారు. వేళ్లకు రానిది కాలు తెచ్చిపెట్టదు. ఎడమ పెడల్ నొక్కి గట్టిగా కూడా వాయించొచ్చు, అప్పుడది పళ్లు బిగించి మాట్లాడినట్టు ఉంటుంది. ఒకే వరుస రెండుసార్లు వస్తే, రెండోసారి పెడల్ నొక్కితే జ్ఞాపకంలా వినిపిస్తుంది. వరుస మధ్యలో నొక్కితే మాత్రం అతుకు తెలిసిపోతుంది. వరుస మొదలవకముందే కాలు సిద్ధంగా ఉండాలి.

మాకు బాగా పట్టుకున్నది బీథోవెన్ నాలుగో పియానో కచేరీలోని రెండో భాగం. 1808 డిసెంబర్ 22న వియన్నాలో, వినికిడి తగ్గిపోతున్న రోజుల్లో, ఆయనే వాయించాడు. అందులో వయొలిన్లూ, మిగతా తీగ వాద్యాలూ అన్నీ కలిసి గద్దించినట్టు మొదలుపెడతాయి. పియానో ఒక్కటే మెల్లగా జవాబిస్తుంది. ఈ భాగమంతా ఊనా కోర్డాతోనే వాయించమని రాశాడు, ఒక్కచోట మాత్రం తీగలు పెంచి మళ్లీ తగ్గించమన్నాడు. పియానో ఎక్కడా గద్దింపుకు గద్దింపుతో జవాబివ్వదు. వినగా వినగా అటువైపు గొంతులే తగ్గుతూ వస్తాయి.

క్లాసులో మేం మెల్లగా మాట్లాడతామని, ధైర్యం లేదని అంటుంటారు. కొన్నిసార్లు నిజమే, యాస చూసి నవ్వుతారేమోనని గొంతు దానంతటదే దిగిపోతుంది. కానీ భయంతో తగ్గిన గొంతు వేరు, కావాలని తగ్గించుకున్న గొంతు వేరు. రెండోదానికి వేళ్లలో బలం ఉండాలి. గట్టిగా వాయించడం వచ్చినవాడు మెల్లగా వాయిస్తేనే అది వాయించడం. ఆ తేడా మాకు పాఠంలో కాదు, ఈ వాద్యం దగ్గర తెలిసింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కాలేజీలో ఎక్కడో గుడ్డ కప్పిన పియానో ఉండే ఉంటుంది. మనకెందుకులే అనుకోకండి. ఆఫీసుకెళ్లి తాళం అడగండి. కీబోర్డు మాత్రమే ఉంటే దాంతోనే మొదలుపెట్టండి, దానితో వచ్చే ఒక్క పెడల్ మామూలుగా కుడి పెడల్ పనే చేస్తుంది. మెల్లగా వాయించడం మాత్రం వేళ్లతో ఇప్పట్నుంచే నేర్చుకోవచ్చు. ఇంకా బాగా తెలిసినవాళ్లుంటే కింద రాయండి, మేమూ నేర్చుకుంటాం.