వెన్నుపాము, హరామ్ మగ్జ్

వెన్నెముక లోపల సాగే నరాల తాడును తెలుగువారు వెన్నుపాము అన్నారు. ఉర్దూలో దాని పేరు హరామ్ మగ్జ్, అనగా తినరాని మూలుగ. జబీహా చేసిన మేకలో సైతం దానిని తీసి పక్కన పెట్టడం మా ఇండ్లలో ఆచారం. ఈ రెండు మాటలను తరగతిలో పదాల ముచ్చటగా చెప్పుకొనే మాకు, ఆ వస్తువు ఎంత సుకుమారమైనదో చందర్లపాడు ప్రాంతం నుంచి వచ్చే మా విద్యార్థి ఒకని మూలంగా తెలియవచ్చింది.

నిరుడు మిరప కోతల కాలంలో అతనికి జ్వరం తగిలింది. మూడు వారాలు విడువలేదు. తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకొనిపోవడం. ఇంటివారు టైఫాయిడ్ అనుకొన్నారు. మాట తడబడి మగత కమ్మినప్పుడు విజయవాడకు చేర్చగా, అక్కడ వెన్నులో నీరు తీసి పరీక్షించి, క్షయ మెదడు పొరలకు పాకినదని తేల్చారు.

క్షయ అనగానే మనకు దగ్గు, కఫము మాత్రమే తోస్తాయి. కాని 1882లో రాబర్ట్ కోచ్ లోకానికి చూపిన ఆ సూక్ష్మజీవి రక్తంలో పడి ఎక్కడికైనా పోగలదు. పసితనంలో వేసే బి.సి.జి. టీకా చిన్నపిల్లలను ఈ మెదడు పొరల జబ్బు నుంచి చాలవరకు కాపాడుతుంది. పెద్దవారికి అంతటి భరోసా లేదు. ఆ పొరలకు మన పాఠ్యగ్రంథాలు వరాశిక, లౌతికళ, మృద్వి అని పేర్లు పెట్టినవి. (లూత అనగా సాలెపురుగు; లౌతికళ సాలెగూడు వంటిది. మంచి మాట!) ఇవి మెదడుతో ఆగిపోవు, వెన్నులోనికి కూడ దిగి సాగుతాయి. కనుక మెదడు అడుగున చేరిన చిక్కని స్రావం వెన్నులోనికి దిగి, నరాల మొదళ్లను జిగురువలె అంటించివేస్తుంది, రక్తనాళాలను మూయవచ్చు, ఒక్కొక్కప్పుడు వెన్నుపాము నడుమనే నీటి గుల్ల ఏర్పడుతుంది. ఎముకను తినివేసే వెన్నెముక క్షయ వేరు. ఇందులో ఎక్స్‌రేకు ఎముకలు నిక్షేపంగా కనబడవచ్చును. అసలు సంగతి ఎం.ఆర్.ఐ.లో గాని తేలదు.

మందులు పనిచేస్తుండగానే ఇది బయటపడటం విచిత్రం. చచ్చిన క్రిముల అవశేషాల మీద శరీరం చూపే ఆగ్రహమే వాపుగా మారుతుందని వైద్యులు చెబుతారు. మా విద్యార్థికి జరిగినది ఇదే. జ్వరం తగ్గి ఇంటికి వచ్చిన రెండవ నెలలో కాళ్లకు తిమ్మిరి పట్టింది. నడుము చుట్టూ పట్టీ బిగించినట్లున్నదన్నాడు. ఒకనాటి రాత్రి మూత్రం నిలిచిపోయింది. మందుల వేడి అన్నారు కొందరు. నజర్ తగిలిందన్నారు కొందరు. మాత్రలు ఆపి నాటువైద్యం చేయించుమన్న బంధువుకు అక్షరం రాని ఆ తల్లి ఇచ్చిన జవాబు మాకు గుర్తున్నది: "రాసిచ్చిన డాక్టరు ఆపమంటేనే ఆపుతాను బాబాయ్, నువ్వు చెబితే కాదు." తెల్లవారేదాకా ఆగక ఆటోలో నందిగామకు, అక్కడినుంచి విజయవాడకు తీసుకొనిపోయింది. మా చదువులన్నీ ఆమె ముందు దిగదుడుపు.

1944లో స్ట్రెప్టోమైసిన్ వెల్లడి కాకమునుపు ఈ జబ్బు సోకినవారు దాదాపు అందరూ మరణించేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి పెద్ద క్షయ ఆసుపత్రి ఉన్నను, ఆ రోజులలో ఎక్కడా దీనికి మందు లేదు. ఇప్పుడు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మొదలైనవి కనీసం 9 నెలలు, తరచు 12 నెలలు వాడాలి. తొలి వారాలలో వాపు తగ్గించే స్టెరాయిడ్లు తోడుగా ఇస్తారు. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన పోషకాహార సహాయం 2024 నవంబరు నుంచి 1000 అయినది. వ్యాయామ చికిత్సకై విజయవాడకు తిరిగే బస్సు ఖర్చు మాత్రం ఆ తల్లి కూలి డబ్బులోనుంచే పోతున్నది.

అతడు ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాడు. కొన్ని గంటలకొకసారి గొట్టంతో మూత్రం తీసుకోవలసియున్నది. ఇది వ్రాయవచ్చునని అతడే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. హాజరు చాలలేదు. తరగతి మేడమీద జరుగుతున్నది. హాజరు విషయమై మినహాయింపు ఇవ్వవలసినదనీ, తరగతిని మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న కింది గదికి మార్చవలసినదనీ కళాశాల కమిటీవారికి మేము అర్జీ సమర్పించియున్నాము. అందాక సహాధ్యాయులిద్దరు అతనిని ఉదయం మెట్లు ఎక్కించి, మధ్యాహ్నం దించుతున్నారు.