కరక్కాయల రేవు

విశాఖ వాళ్లకు భీమిలి అంటే బీచి రోడ్డు. ఆదివారం సాయంత్రం పిల్లల్ని బండెక్కించుకుని వెళ్లి, లైట్‌హౌస్ చూపించి, మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టి తీసుకురావడం. రోడ్డు మీంచి చూస్తే అదొక రేవు అని తోచదు. నీటి మీంచి చూడాలి. కిందటి మాఘమాసంలో ఆ అవకాశం వచ్చింది.

నాతో వచ్చిన పెద్దాయనది అనంతగిరి మండలం, బొర్రా గుహలకు దగ్గర్లో ఓ చిన్న ఊరు. నేను అక్కడ ఆశ్రమ పాఠశాలలో మేష్టారుగా ఉన్న రోజుల్లో వంట చేసి పెట్టేవాడు. ఆ కొండల్లో పుట్టిన గోస్తనీ నది సుమారు 120 కిలోమీటర్లు నడిచి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. డెబ్బై ఏళ్లు దాటినా ఆయన ఆ చోటు చూడలేదు. "కాళ్లు ఆడుతుండగానే మా గెడ్డ ఎక్కడ కలుస్తాదో ఒకపాలి చూపించండి మేస్టారూ" అని కబురు పెట్టాడు.

తెలిసిన జాలరి తమ్ముడొకడు తన మోటారు పడవను భీమిలి తీసుకెళుతుంటే ఇద్దరం ఎక్కాం. హార్బరు దాటి కెరటం తగిలేసరికి పెద్దాయన చెక్క పట్టుకుని కళ్లు మూసేసుకున్నాడు. పొద్దు పొడిచాక తెరిస్తే, ఎడమ వైపు కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ. జాలర్లకు ఆ కొండలే గురుతులు. ఏ కొండ ఏ కొండ వెనక్కి జరిగితే అడుగున రాయి ఉందో, ఎక్కడ వల వెయ్యకూడదో తమ్ముడు చెబుతూ వచ్చాడు.

"ఈళ్లకీ కొండలే గావాలన్నమాట!" అన్నాడు పెద్దాయన. అక్కణ్నుంచి భయం పోయింది.

ఎర్రమట్టి దిబ్బలు దాటాక భీమిలి కొండ, దాని కింద తెల్లటి లైట్‌హౌస్ కనిపించాయి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడే వర్తకం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. ఓడలు ఒడ్డుకు రాలేవు, దూరంగా లంగరేసేవి. మేకు అన్నది లేకుండా కొబ్బరి తాడుతో చెక్కలు కుట్టిన మసూలా పడవలు కెరటాల మీద వంగుతూ లేస్తూ సరుకు చేరవేసేవి. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక ఓడలకు ఇక్కడ పనేముంది? ఇప్పుడు పెద్దాయన కొండల మీదుగా బైలదిల్లా ఇనుప ఖనిజం కూడా రైల్లో విశాఖకే పోతోంది.

భీమిలి నుంచి పోయిన సరుకుల్లో గోగునార ఒకటి, కరక్కాయ ఒకటి. తోళ్లు పదును చెయ్యడానికి సీమలో కరక్కాయ కావాలి. అక్కడి వర్తకులు ఓ రకం కాయకు 'భీమ్లీస్' అనే పేరు పెట్టుకున్నారు. ఈ మాట చెప్పేసరికి పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మా అయ్య బుట్టలకి బుట్టలు ఏరి సంతలో ఉప్పుకి ఇచ్చేసేవోడు. ఎక్కడికి పోతాయో అడగనేదు. కాయ మాది, పేరు ఈ ఊరిదా!"

ఆ నవ్వు మొగ దగ్గరికొచ్చేసరికి పోయింది. నది కలిసే చోట నది లేదు, ఇసుక మేట ఉంది. మొగ తెరిచి ఉంటే పడవ లోపలికెళ్లి నిలకడ నీటిలో ఆగుతుంది. పూడిపోతే కెరటాల్లోంచే ఒడ్డెక్కించాలి, పదిమంది పట్టి లాగాలి. పడవ తిరగబడితే ఇంజను పోయినట్టే. రొయ్య పిల్ల లోపలికి రావడానికీ అదే దారి.

"వానలకి తోసుకొస్తాది తాతా. తర్వాత మీ గెడ్డ మాకాడికి రాదు" అన్నాడు తమ్ముడు.

మధ్యలో తాటిపూడి ఉంది మరి. 1960లలో కట్టిన ఆ రిజర్వాయరు విజయనగరం వైపు పొలాలు తడుపుతుంది, విశాఖకు తాగునీరిస్తుంది.

"అయితే మా గెడ్డ మేస్టారి కొళాయికి వస్తాదా?"

"వస్తుంది."

"మంచిదే కదా."

"మాకూ కూసింత ఒదిల్తే ఇంకా మంచిది తాతా."

ఎవరి మాట కాదనగలను? విశాఖలో నీళ్లు ఒక్కరోజు రాకపోతే మా వీధంతా బిందెలతో రోడ్డెక్కుతుంది. ఇక్కడ మొగ మూసుకుంటే అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా వీళ్లకు తెలియదు.

మూడు కెరటాలు పోనిచ్చి, నాలుగోదాని వెనకాలే తమ్ముడు పడవను ఇసుకలోకి ఎక్కించాడు. పెద్దాయన్ని భుజాన దించాడు. ఆయన పంచె ఎగగట్టి మేట మీద ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు లెక్కేసుకుంటూ నడిచాడు. ఇటు సముద్రం, అటు కదలని పచ్చటి నీళ్లు. వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పన.

"నలభై రెండు అడుగులు. పదిమందిమి పారలు పడితే పొద్దుగూకేతలికి కోసేయొచ్చు."

"కోస్తాం తాతా. రెండ్రోజుల్లో కెరటం మళ్లీ కప్పేస్తాది. లోపల్నుంచి నీరు తోయాల."

పెద్దాయన పడమటి కొండల వైపు చూశాడు. మంచులో ఏదీ ఆనలేదు.

"వానలకింకా ఎన్నాళ్లు మేస్టారూ?"

"నాలుగు నెలలు."

"అయితే అప్పుడొస్తాను. బస్సులో."