సొరుగే కదా అనుకుంటే...

“సావనీర్‌కి ఏదైనా రాసివ్వవోయ్” అని ఎడిటర్ మిత్రుడు అడిగినప్పుడు, నేను ప్రేమ మీదో విప్లవం మీదో రాస్తాననుకుని ఉంటాడు పాపం! నేను సొరుగుల మీద రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. వర్క్‌షాప్‌లో రెండు సెమిస్టర్లు ఆకురాయి పట్టినవాళ్ళు మాత్రం నవ్వరని నా నమ్మకం.

ఫిట్టింగ్ సెక్షన్‌లో పనిముట్లు దాచే పాత చెక్క బీరువాలు మీకందరికీ తెలుసు. వాటిలో చెక్క మీద చెక్క జారాలి. ఎండాకాలం ఎలాగో జారుతుంది. వానాకాలం వచ్చిందా, చెక్క తేమ పీల్చి ఉబ్బి బిగుసుకుపోతుంది. మనమంతా ‘బాబాయ్’ అని పిలిచే హెల్పరు కాలు బీరువాకి తన్నిపెట్టి సొరుగు లాగేవాడు. “ఇది సొరుగు కాదు బాబూ, మొండి ఎద్దు” అని నవ్వేవాడు గానీ, సాయంత్రానికి కుడి భుజం పట్టుకుని కూర్చునేవాడు. కిందటేడు ఒక సొరుగు మొత్తం ఊడి వచ్చి ఆయన పాదానికి జానెడు దూరంలో పడింది. ఆ తర్వాతే కొత్త బీరువాలు చేయించాలన్న మాట పుట్టింది. “చదువుకున్నారుగా, ఏ ఛానెల్ వెయ్యాలో మీరే తేల్చండి” అని ఇన్‌స్ట్రక్టర్ గారు మా ముగ్గురికి అప్పజెప్పారు.

హార్డ్‌వేర్ షాపతను మూడు రకాలు బల్ల మీద పరిచాడు. మొదటిది నైలాన్ చక్రాల రోలర్ ఛానెల్. చవక. కానీ మామూలుగా సొరుగు ముప్పావు వంతే బయటికొస్తుంది. రెండోది మూడు పట్టీలు ఒకదాన్లో ఒకటి దూరి, మధ్యలో ఉక్కు గుళ్ళ మీద జరిగే టెలిస్కోపిక్ ఛానెల్. సొరుగు పూర్తిగా బయటికొస్తుంది. 45 మిల్లీమీటర్ల వెడల్పు రకానికి జత మీద 35 నుంచి 45 కిలోల బరువు అని రాసి ఉంటుంది. మూడోది 76 మిల్లీమీటర్ల హెవీ డ్యూటీ రకం. 100 కిలోలు పైబడి మోస్తుంది, ధర కూడా అలాగే మోస్తుంది!

మాలో ఒకడు “అన్నిటికీ రోలర్లే వేద్దాం, డబ్బు మిగులుతుంది. ఆయన వచ్చే ఏడాది రిటైరైపోతాడు కదా” అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. ఆయన పోతే ఆ కుర్చీలోకి ఇంకొకాయన వస్తాడు, ఆయనకీ భుజాలు రెండే. వాదన తెగక నేరుగా బాబాయినే అడిగాం. ఆయన ఒక్కటే అన్నాడు: “వెనకాల ఉన్నది చేతికి కాదు బాబూ, కంటికి కనబడాలి.” నిజమే! ముప్పావు మాత్రమే తెరుచుకుంటే వెనక చీకట్లో డ్రిల్ బిట్ల కోసం వేళ్ళతో తడుముకోవాలి. రోలర్ల సంగతి అక్కడితో తేలిపోయింది.

ఇక బరువు. దీనికి త్రాసు అక్కర్లేదు, మన పుస్తకమే చాలు. ఉక్కు ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాములు. 20 సెంటీమీటర్ల వ్యాసం, 8 సెంటీమీటర్ల మందం ఉన్న లేత్ చక్ మధ్య రంధ్రం పోను సుమారు 18 కిలోలు తూగుతుంది. మూడు చక్కులు పెడితే 54. సొరుగు సొంత బరువు అదనం. అంటే 45 కిలోల ఛానెల్ అక్కడ పనికిరాదు. పైగా ఛానెల్ మీద రాసిన అంకె జతకి, అదీ బరువు సమంగా పరిచినప్పుడు. కుర్రాళ్ళు ధడాలున తోసే దెబ్బ లెక్కలో ఉండదు. అందుకే కింది రెండు సొరుగులకీ హెవీ డ్యూటీ, పై మూడింటికీ 45 మిల్లీమీటర్ల రకం అని తేల్చాం.

“సాఫ్ట్ క్లోజ్ తీసుకోండి సార్, తనంతట తనే మెత్తగా మూసుకుంటుంది” అని షాపతను ఊరించాడు. వంటింటికి బాగుంటుంది. కానీ తెరిచేటప్పుడు లోపలి స్ప్రింగుని లాగడానికి కాస్త ఎక్కువ బలం పెట్టాలి. రోజంతా సొరుగులు లాగే భుజానికి అదెందుకు? వద్దన్నాం.

వడ్రంగికి ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. మామూలు టెలిస్కోపిక్‌కి ఇరుపక్కలా 12.7 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ ఉండాలి, హెవీ డ్యూటీకి సుమారు 19. ఛానెల్ కొన్నాకే పెట్టె కొయ్యాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా మళ్ళీ మొండి ఎద్దే! అలాగే బరువైన సొరుగులు రెండు ఒకేసారి పూర్తిగా లాగితే బీరువాయే ముందుకి ఒరుగుతుంది. కాంటిలీవర్ అని పరీక్షలో రాసేది ఇదేనండీ. అందుకని బీరువాలని బోల్టులతో గోడకి బిగించాం.

ఇప్పుడు బాబాయి చక్కులున్న సొరుగుని ఎడమ చేత్తో లాగుతున్నాడు. “బాగుంది” అన్నాడు, అంతే. భుజం నొప్పి పూర్తిగా పోలేదు, ఛానెల్ ఆ పని చెయ్యలేదు కూడా. పెరగకుండా ఉంటే అదే పదివేలు.

జూనియర్ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ రెండు మనవులు. గుళ్ళ మధ్యకి ఇనపరజను పోతే పొడిగుడ్డతో తుడవండి, మిషనాయిలు కుమ్మరించకండి; నూనెకి రజను ఇంకా అంటుకుంటుంది. ఒక సొరుగు మూశాకే ఇంకొకటి తెరవండి. మూసేటప్పుడు చేత్తో మూయండి, కాలితో కాదు.