కోనసీమలో చెరువు పట్టుబడి

తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. ఇన్ని జలముల నడుమ నున్న కోనసీమకు మరల చెరువులేల యని క్రొత్తగా వచ్చినవారు అడుగుట కలదు. వైశాఖమాసములో నిచ్చట కాపురము చేసిన యిల్లాలికి ఆ సందియము కలుగదు. సముద్రమునకు దగ్గరి గ్రామములలో నుయ్యి త్రవ్వినచో అనేకచోట్ల ఉప్పునీరే పడును. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టబడిన పిదప తీపినీటి కాలువలు వచ్చినవి గాని, మరమ్మతులకై వేసవిలో వానిని కట్టివేయుదురు. అంతకు ముందే చెరువులను నింపుకొనవలెను. కాలువ మరల వచ్చువరకు బిందెకును, పశువునకును, చాకిరేవునకును ఆ నీరే దిక్కు. అందుచేత నీ సీమలో చెరువు ఊరికి అలంకారము గాదు. వంటయింటి మూలనున్న గోలెము వంటిది.

కాలువనీరు చెరువులోనికి వచ్చునపుడు దానితోబాటు చేపయు వచ్చును. కొర్రమేను, మట్టగిడిస, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరిగె – వీనిని వెనుక నెవరును తెచ్చి పోయలేదు. పిలువని చుట్టములవలె వచ్చి, చెరువునే పుట్టినిల్లు చేసికొన్నవి. వీనిలో కొర్రమేను నడవడి చూడదగినది. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని పోవును. నీరింకి బురదయైనను కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. ఎర్రని దాని పిల్లలు గుంపుగా తేలుచుండ, పెద్దచేప క్రిందనే తిరుగుచు కావలి కాయును. బిడ్డలను విడువని చేప యని మావైపు స్త్రీలకు దానియందు గౌరవము. అయినను పులుసు పెట్టుట మానరు!

పరిగె యనునది వేలెడు చేప. కోత కోసిన చేనిలో రాలిన వెన్నులను ఏరుకొనుటను గూడ మనము పరిగె యనియే యందుము. ఈ రెండు మాటలకు వ్యుత్పత్తి యొకటియో కాదో పండితులు చెప్పవలెను. బీదయిల్లాలి గంపలో మాత్రము రెండును ఒకటే. చేనిలో పరిగె యేరుకొన్నవారిని రైతు అదలింపడు. చెరువులో పరిగె పట్టుకొన్నవారిని కూడ మొన్నమొన్నటి దనుక నెవరును అదలింపలేదు.

నేడు మా చెరువులలో నెక్కువగా కనబడునవి వేరు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను మూడు జాతుల పిల్లలను తెచ్చి పోయుచున్నారు. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడుమనీటిలోను, ఎర్రమోసు అడుగునను మేయును గనుక ఒకదాని కంచములో నొకటి చేయి పెట్టదు. ఉమ్మడి కుటుంబములకు ఈ నేర్పు అబ్బిన నెంత బాగుండును! ఇవి నదులలో వరదకాలమున గ్రుడ్లు పెట్టును గాని, నిలువనీటి చెరువులో పెట్టవు. అందుచేత పూర్వము నదినుండియే పిల్లలను ఏరి తేవలసి వచ్చెడిది. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీని ఒరిస్సా రాష్ట్రములోని అంగుల్ అనుచోట హీరాలాల్ చౌధురిగారు, చేప మెదడు క్రిందనుండు గ్రంథిరసమును సూదిమందుగా నెక్కించి వీనిచేత గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి చేపపిల్ల నారుమడిలోని నారువలె కావలసినంత దొరకసాగెను. చేపల యుత్పత్తిలో భారతదేశమున నేడు మన ఆంధ్రప్రదేశమే ప్రథమస్థానము వహించుటకు అదియే మొదలు. అయితే, నారు పోసినవానిదే గదా పంట! పంచాయతీ చెరువును ఏటేట వేలము వేయుచున్నారు. పాడుకొన్నవారు పిల్లను పోసి, మేపి, పట్టుకొనుచున్నారు.

గడచిన మాఘమాసమున భీష్మైకాదశి యుత్సవమునకు అంతర్వేది పోవుచు, దారిలో తాటిపాక సమీపమున మా ఆడుబిడ్డగారి గ్రామమున రెండుదినములు నిలిచితిమి. మేము అమలాపురమునుండి బస్సులో బోడసకుర్రు వంతెన దాటుచుండగా వైనతేయపై మంచు తెర వేసినట్లుండెను. క్రింద నెవరో పడవవాడు వల విసరుట కనబడి, బస్సులోని వారు పులసల ముచ్చట మొదలుపెట్టిరి. శ్రావణ భాద్రపదముల వరదనీటిలో సముద్రమునుండి ఎదురీది వచ్చెడి ఆ చేపకు మాఘమున ముచ్చటయే గతి. "పుస్తెలమ్మియైనను పులస తినవలెను" అని యొక పెద్దమనిషి సామెత చెప్పెను. పుస్తెలు ఎవరివో, తినువారెవరో ఆ సామెత కట్టినవారు విచారించినట్లు లేదు.

మరునాడు తెల్లవారుజామున చెరువు పట్టుబడి. ఎండ యెక్కినచో చేప చెడును గనుక చీకటితోనే మొదలుపెట్టుదురు. వదినగారును నేనును శాలువలు కప్పుకొని గట్టుమీదికి పోయితిమి. పొగమంచులో కొబ్బరిచెట్ల మొదళ్లు మాత్రమే కనబడుచున్నవి. చెరువు ఒక కొననుండి వలను అడ్డముగా దించి, రెండు గట్ల వెంబడి మనుష్యులు లాగుచు, నడుమ కొందరు కుత్తుకబంటి నీటిలో నడచుచు వచ్చిరి. వలపైయంచున తేలెడి బెండ్లు, క్రిందియంచున సీసపు గుండ్లు. వల దగ్గరపడుకొలది నీరు పొంగెడి అన్నమువలె తుకతుకలాడెను. శీలావతులు వలపైనుండి మోరెత్తి దుమికినవి. పంచతంత్రములోని మూడు చేపల కథ తెలిసిన నాకు, దుమికి దాటినవానిని చూచి ప్రత్యుత్పన్నమతులని నవ్వు వచ్చెను. బురదలో దూరిన కొర్రమేను అంతకంటె తెలివిగలది. గట్టుమీద కాటా, పెట్టెలు, దంచిన మంచుగడ్డ సిద్ధముగా నుండెను. ఒక వరుస చేప, ఒక వరుస మంచు. ఎండ పొడచూపునప్పటికి లారీ బయలుదేరెను. మా ఊరి బొచ్చె వంగదేశమున నే యింటి కంచములో పడునో!

అందరును పోయిన తరువాత ఊతలు పట్టుకొని పదిపన్నెండుగురు స్త్రీలు గట్టున నిలువబడియుండుట చూచితిని. ఊత యనగా అడుగు లేని వెదురుబుట్ట. మోకాలిబంటి నీటిలో దానిని చటుక్కున గ్రుచ్చి, పైకంతలో చేయిపెట్టి లోన చిక్కిన చేపను తీయుదురు. కావలివాడు వారిని దిగనీయలేదు. వారిలో నొక ముసలియామె మా వదినగారికి తెలిసినది. "ఏమమ్మా, ఇంక చెరువులో నేమున్నది?" అని నేనడిగితిని.

"పోసినోడి చేప పోసినోడిదేనండి మేష్టారమ్మగారూ, కాదన్ను. ఎవరూ పొయ్యని చేప ఎవరిదండీ?" అని ఆమె నన్ను తిరిగి యడిగెను.

ఆ ప్రశ్న అంతర్వేది పోయి వచ్చువరకు నన్ను విడువలేదు. ఇంటికి వచ్చి గ్రంథములు తిరగవేసితిని. కల్యాణ చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమని యొక ప్రకరణమే యున్నది. ఏ చేప యెట్టిది, దేనికే మేత వేసి మరపవలెను, గాలపు త్రాడెట్లుండవలెను అని రాజు ముచ్చటగా వర్ణించెను. అది వినోదించువాని గ్రంథము. ఆకలిగొన్నవాని ప్రశ్నకు సమాధానము దానిలో లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున స్పష్టముగనే చెప్పెను: జలాశయములలోని చేపలకును, పడవరేవునకును, అచ్చట పెరిగెడి కూరాకులకును స్వామి రాజేనట. ఆ లెక్కను రాజు స్థానమున నేడు పంచాయతీ యున్నది. వేలము వేయుట శాస్త్రసమ్మతమే. కాని పంచాయతీ యనగా ఊరే గదా! ఊత పట్టుకొని గట్టున నిలువబడినవారు ఊరిలోనివారు గారా?

మా అక్కకూతురు అమెరికాలో మినిసోటా రాష్ట్రమున కాపురమున్నది. ఈ సంగతి వ్రాయగా, ఆమె అచ్చటి చేపలవేటను గూర్చి వ్రాసినది. శీతకాలమున నచ్చటి సరస్సులు పైన గడ్డకట్టును. 4 అంగుళముల గట్టి మంచు ఏర్పడినగాని నడువరాదట. పెద్ద తిరుగుడు బరమాతో రంధ్రము తొలిచి, గాలము దించి, చిన్న గుడారములో కూర్చుందురు. మంచు క్రింద చేప యెట్లు బ్రదుకునని నాకు వింతతోచెను. నీరు 4 డిగ్రీల చల్లదనమువద్ద మిక్కిలి బరువై యడుగునకు దిగును. అంతకన్న చల్లని నీరు తేలికయై పైననే గడ్డకట్టును. అందుచే నడుగున చేపకు నీరు మిగులును. మన చేపకు చచ్చిన తరువాత మంచు. వారి చేపకు బ్రతికియుండగనే మంచు! కొన్ని సరస్సులలో ప్రభుత్వమువారే ట్రౌటు అను చేపపిల్లలను తెచ్చి విడుతురు. ఇంగ్లీషువారు మన నీలగిరులలోని చల్లని యేళ్లకు తెచ్చినదియు నీ జాతియే. నా మనసునకు పట్టినది మాత్రము వేరొకటి. విడిచినది ప్రభుత్వమే యైనను, కొద్దిరుసుముతో అనుమతిచీటి కొన్న ప్రతివారును పట్టుకొనవచ్చును. అయితే మనిషికి ఇన్ని మాత్రమేనని నియమము. పోసిన చేపనుగూడ అందరికిని పంచుట యొక దేశమున సాగుచుండగా, పోయని పరిగెను సైతము మనమొక్కని పాలు చేయుచున్నాము.

పాడుకొన్నవారి పక్షమునను న్యాయము లేకపోలేదు. వారు సొమ్ము చెల్లించి, పిల్లను కొని, తవుడును చెక్కయు మేపుదురు. మబ్బుపట్టిన దినములలోను, పొగమంచు వేకువలను నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు మూతులు పైకెత్తి రొప్పును. ఒక్క రాత్రిలో చెరువంతయు తెల్లగా తేలిపోయిన సందర్భములు గలవు. వదినగారి ఊరిలో వేలపుసొమ్ముతోనే బడికి ప్రహరీ కట్టినారు. ఉపాధ్యాయుని భార్యను, దానిని కాదనలేను.

నాకు మింగుడుపడనిది ఇప్పచెక్క. మన అమ్మమ్మలు తలంటుకొనిన ఇప్పపిండియే యిది. తలను నురుగెత్తించు గుణమే నీటిలో కలసినపుడు చేప రక్తములోని యెర్రకణములను విరుగగొట్టును. పిల్లను పోయుటకు ముందు హెక్టారునకు 2,500 కిలోల లెక్కను దీనిని చల్లి, చెరువులోని పాత చేపలనన్నిటిని చంపుదురు. సుమారు మూడు వారములకు విషము విరిగి, చెక్క యెరువగును. కొర్రమేనును వాలుగయు పిల్లలను మ్రింగును గనుక వానికి భయపడుట సహజమే. పరిగె ఎవరిని మ్రింగినది? దొంగలతోబాటు అతిథులను గూడ చంపినట్లున్నది.

చిన్నచేపను చులకనగా చూడరాదు. దానిని తలతోను ముల్లుతోను తిందుము గనుక ఎముకకు బలమిచ్చు సున్నపు పదార్థము ఒంటబట్టును. పెద్దచేప ముల్లు పిల్లిపాలు. 2021వ సంవత్సరపు ప్రపంచ ఆహార బహుమానమును పొందిన శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ గారు ఈ విషయమున పరిశోధించినవారు. ట్రినిడాడ్ ద్వీపమున, భారతదేశమునుండి వలసపోయినవారి వంశమున జన్మించిన విదుషి. బంగ్లాదేశమున మోలా అను చిన్నచేపలో చూపునకు మేలుచేయు 'ఎ' విటమిను విస్తారముగ నున్నదని వీరు నిరూపించిరి. అంతేకాదు, బొచ్చె శీలావతుల చెరువులోనే మోలాను గూడ పెంచవచ్చును, చిన్నచేప యింటి కంచమునకు, పెద్దచేప అంగడికి అని చేసి చూపించిరి. గర్భిణులకును బాలింతలకును ఇది మేలైన ఆహారముగదా!

ఈ సంగతి నేను జాబు వ్రాయగా, మా వదినగారు ఊరకుండలేదు. ఇరుగుపొరుగు స్త్రీలను పిలిచి గ్రామసభకు అర్జీ వ్రాయించినారు. వేలపు షరతులలో రెండు మాటలు చేర్చవలెనని కోరిక. పెద్ద పట్టుబడి యైన మరునాడు ఒక దినము ఊతతో పట్టుకొనుటకు ఊరివారిని దిగనీయవలెను. చెరువున ఇప్పచెక్క వేయక, వాలుగకు చిక్కనంత యెదిగిన పిల్లనే తెచ్చి పోయవలెను. దానికి వెల కొంత యెక్కువ గనుక పాటసొమ్ములో నంత తగ్గించవచ్చును. ఈ రెండవమాటకు కొందరు పురుషులు నవ్విరట. మా వారు మాత్రము పాట తగ్గినచో వచ్చెడి లోటెంతో లెక్కగట్టి యిచ్చిరి. ప్రహరీకి రంగువేయుట యొక యేడు ఆగిన సరిపోవునని తేలినది. అర్జీ శుద్ధప్రతిని నేను వ్రాసి పంపితిని. దానిపై 31 సంతకములు, 14 వేలిముద్రలు పడినవి. మొదటి వేలిముద్ర ఆ ముసలియామెది. వేలము జ్యేష్ఠమాసమున, కాలువ వచ్చిన తరువాత జరుగును.